సగం ఫీజు

మా చిన్ని ఇప్పుడు మూడో రిటైనరు పెట్టుకుని పడుకుంటోంది. మొదటిది పెళ్ళి భోజనంలో పోయింది. రెండోది ఎలా పోయిందో చెప్పడానికి నాకు కాస్త ధైర్యం కావాలి. అందుకని మొదటిదాంతోనే మొదలుపెడతాను.

రిటైనరంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు మీలో ఉంటే వాళ్ళకోసం ఒక్క మాట. ఎగుడుదిగుడు పళ్ళకు తీగలు కట్టి, ఏడాదో రెండేళ్ళో బిగించి, వరసలోకి తెస్తారు చూడండి, ఆ బ్రేసులు విప్పేశాక పళ్ళు మళ్ళీ పాత చోటికి నడిచిపోకుండా ఒక తొడుగు ఇస్తారు. అదే రిటైనరు. చిన్నిది పల్చగా, నీటిబొట్టులా, పళ్ళ అచ్చు పోసినట్టు ఉండేది. పెట్టుకుంటే కనిపించదు. తీసి పక్కన పెట్టినా కనిపించదు. కష్టమంతా ఆ రెండో సంగతిలోనే ఉంది.

మా జహీరాబాదులోనే దగ్గరి చుట్టాలింట్లో పెళ్ళి. తినేటప్పుడు తియ్యాలని డాక్టరుగారు చెప్పారు కదా అని చిన్ని బుద్ధిగా తీసి, కాగితం రుమాల్లో చుట్టి, ఇస్తరాకు పక్కన పెట్టింది. భోజనమయ్యాక అంతే బుద్ధిగా రుమాలును ఆకులో పెట్టి మడిచి లేచింది. చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. ఇంకేముంది! ఫంక్షన్ హాలు వెనకాల ఇస్తరాకుల కుప్ప ముందు పట్టుచీరతో మా కోడలు, ఇస్త్రీ చొక్కాతో మా అబ్బాయి, కర్రపుల్ల పట్టుకుని నేను. అక్కడ ఊడ్చే ఆమెకు మా మీద జాలి వేసింది.

"ఏం బోయిందమ్మా, కమ్మనా? ముక్కుపుల్లనా?"

"కాదమ్మా, పళ్ళ తొడుగు."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, "అయ్యో, గిప్పుడు ముసలామె ఎట్ల తింటది పాపం!" అంది.

దొరకలేదు లెండి. శ్రీకాకుళం వైపు దంతపురమని ఒక పాత పట్నం ఉండేదట. బుద్ధుడి దంతం అక్కడే పూజలందుకునేదనీ, శత్రువులు వచ్చిపడితే హేమమాల అనే రాజకుమారి దాన్ని జుట్టుముడిలో దాచుకుని సముద్రం దాటి సింహళం చేర్చిందనీ ఐతిహ్యం. ఇప్పటికీ కాండీ గుడిలో ఆ దంతాన్ని భరిణెలో భరిణె పెట్టి కాపాడుతున్నారు. ఆ కథ చిన్నికి చెప్పాను. "నానమ్మా, ఆ రాకుమారి పెళ్ళిభోజనానికి పోలేదు గదా" అంది. దాని నోటికి తీగలు కట్టినా కట్టకపోయినా ఒకటే.

అసలీ పళ్ళ వ్యవహారానికి మొదట అడ్డం పడ్డదాన్ని నేనే. "ఎదిగే పిల్లకు నోట్లో ఆ ఇనుపకంచె ఎందుకే? మన ఇంట్లో అందరివీ కాస్త ఎత్తుపళ్ళే, ఎవరికి పెళ్ళి ఆగింది?" అన్నాను. కోడలు నాకు ఎదురు చెప్పలేదు. నెలకోసారి పిల్లను తీసుకుని బస్సెక్కింది. సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటుకుంటూ సుమారు వంద కిలోమీటర్లు పోవడం, తీగ బిగించుకుని రావడం. బిగించిన రాత్రి చిన్నికి జొన్నరొట్టె కొరకడం కాదు, పాలలో నానబెట్టిచ్చినా నమలలేకపోయేది. రెండేళ్ళూ అలాగే తిరిగారు.

పెళ్ళి ఆగలేదన్నానే గాని, అది పూర్తి నిజం కాదు. 1974లో నాకు మొదటిసారి పెళ్ళిచూపులైనప్పుడు మా మేనత్త చెవిలో చెప్పింది, "పెదవులు మూసుకుని కూర్చో, పళ్ళు కనిపించొద్దు" అని. పేరడిగితే పెదవులు కదపకుండా చెప్పాను. పిల్లకు నత్తి ఉందా అని వచ్చినవాళ్ళు అడిగారు. రెండో సంబంధమూ అలాగే పోయింది. మూడోవాళ్ళు నేను నవ్వుతుండగా అనుకోకుండా వచ్చారు కాబట్టి దాచడానికి ఏమీ మిగల్లేదు, వాళ్ళే చేసుకున్నారు. అయినా అప్పట్నుంచి నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పోతుంది. నా పెళ్ళి ఫోటోలలో ఒక్కదాంట్లోనూ నా పన్ను కనిపించదు. అలవాటైన బాధ ఎదుటివాళ్ళదీ తేలికే అనిపిస్తుందేమో. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని బతకలేదా, అదీ పెట్టుకుంటుంది అనుకున్నాను.

బ్రేసులు విప్పిన రోజు చిన్ని ఇంటికొచ్చి గుమ్మంలోనే ఈ చెవినుంచి ఆ చెవిదాకా నవ్వింది. నేను నోరు మెదపలేదు. డాక్టరుగారు మా కోడలితో అన్నారట, "నా పని అయిపోయిందమ్మా. ఇక మిగిలింది మీ పని. ఇది పెట్టుకోకపోతే ఈ రెండేళ్ళూ నీళ్ళపాలే" అని.

ఇప్పుడు రెండోదాని సంగతి.

ఒకనాడు చిన్ని కాలేజీకి పోతూ తొందరలో రిటైనరు స్నానాలగది గట్టుమీద వదిలేసి పోయింది. చూశాను. లోపలంతా తెల్లటి పొర, అంచున పసుపు రంగు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఒక వాసన. "అయ్యో, పిల్ల దీన్నా నోట్లో పెట్టుకునేది!" అనిపించింది. నా యాభై ఏళ్ళ కాపురంలో శుభ్రమంటే ఒకటే అర్థం, మరిగించడం. పాలసీసాలు మరిగించాను, పసిపిల్లల బట్టలు మరిగించాను, ఇంజక్షను సూదులు మరిగించే కాలం చూశాను. స్టౌ మీద నీళ్ళు తెర్లుతున్నాయి. అందులో వేశాను. మీరు నమ్మరు, నేను చూస్తుండగానే అది ముడుచుకుంది. చెంచాతో తీసేసరికి ఎండిన చింతతొక్కలా ఉంది. ఏం చెయ్యాలో తోచక గట్టుమీద ఎక్కడున్నదో అక్కడే పెట్టేశాను.

సాయంత్రం కోడలు చూసింది. "అత్తమ్మా, చూసిండ్రా? మళ్ళ దానిమీద కూసున్నట్టుంది ఈ పిల్ల. మొన్న ఒకటి ఆకులో పారేసె, ఇయ్యాల ఇది!" చిన్ని ఏడుస్తూ ఒట్లు పెట్టింది. మొదటిది పోగొట్టిన పిల్ల ఒట్టు ఎవరు నమ్ముతారు? నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. రాళ్ళే లేని బియ్యం అది.

నాలుగు రోజులు చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ నేను చేసిన పనల్లా ఆ ప్లాస్టిక్కు ముక్క పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం. తప్పు చేసినవాళ్ళు సాక్ష్యం వెతుక్కుంటారు కదా! మా చెల్లెలి మనవరాలు దంతవైద్యం చదువుతోంది. ఆదివారం వస్తే మాటల్లో పెట్టి అడిగాను.

"ఎవరైనా పొరపాటున వేడినీళ్ళలో వేస్తే ఏమవుతుందే?"

"ఎవరు వేసిండ్రు అమ్మమ్మా?"

"ఎవరో. పత్రికలో చదివిన."

అది నవ్వింది గాని ఇంకేం అడగలేదు. తర్వాత చెప్పింది. ప్లాస్టిక్కు రేకును వేడిచేసి మెత్తబరిచి, పళ్ళ అచ్చు మీద పరిచి గాలి లాగేస్తే అది ఆ అచ్చుకు అతుక్కుని చల్లారి గట్టిపడుతుందట. వేడి ఇచ్చిన రూపాన్ని వేడే తీసుకుపోతుంది. కొన్నిరకాలు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతాయట. ఇక తెర్లే నీళ్ళ సంగతి చెప్పేదేముంది! కారులో అద్దం దగ్గర ఎండకు వదిలేసినా వంకరపోతుందట. బట్టమీది పసుపుమరక ఎండలో వేస్తే పోతుందని మనకందరికీ తెలుసు కదా, దీన్నీ ఎండలో పెట్టాలనే ఆలోచన నాకు రెండో దశలో ఉండింది. బతికిపోయాను.

అది తన పుస్తకాలు నాలుగు వదిలిపెట్టి పోయింది. నాకర్థమైనంతవరకు చెబుతాను.

పన్ను ఎముకలో మేకు దిగినట్టు దిగి ఉంటుందని నేననుకునేదాన్ని. కాదు. పన్నుకూ ఎముకకూ మధ్య సన్నటి నారలుంటాయి, ఉట్టిలో కుండ వేలాడినట్టు పన్ను వాటిలో వేలాడుతుంది. ఒకవైపుకు మెల్లగా నెడుతూ ఉంటే ఆవైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పోస్తుంది. అలా పన్ను నడుస్తుంది. తీగలు విప్పేసరికి పన్ను కొత్త ఇంటికి చేరి ఉంటుంది, కాని ఎముక ఇంకా పచ్చిగోడ, నారలు ఇంకా పాత ఇంటివైపే లాగుతుంటాయి. నార్వే శాస్త్రజ్ఞుడు రైటాన్ కుక్కల పళ్ళు తిప్పి చూసి 1959లో రాశాడు, 232 రోజులు కదలకుండా నిలిపి ఉంచినా చిగుళ్ళ దగ్గరి నారలు ఇంకా సాగే ఉన్నాయని. ఆ లెక్కన ఏడాదిలోపు రిటైనరు తీసి పారేస్తే పన్ను పుట్టింటి దారి పట్టడంలో ఆశ్చర్యం లేదు.

పళ్ళు కదులుతాయని మాత్రం మనుషులకు ఎప్పట్నుంచో తెలుసు. 1వ శతాబ్దంలో రోములో సెల్సస్ అనే ఆయన రాసిన వైద్యగ్రంథంలో ఉంది, పాలపన్ను ఊడకముందే కొత్తపన్ను పక్కకు వస్తే, పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని రోజూ వేలితో చోటులోకి నెట్టమని. చదివి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. ఎందుకంటారా? మా నాయనమ్మ నాకు చెప్పిందీ అదే! పాలపన్నును పేడలో చుట్టి ఇంటికప్పు మీదికి విసిరేయించి, "పొద్దున లేవంగనే వేలితోని పన్ను ఒత్తుకోవే" అనేది. నాకు బద్ధకం. ఆమె సెల్సస్ పేరు వినలేదు, అక్షరమ్ముక్క రాదు. వింటే బాగుండేదేమో, లాటిన్‌లో చెబితే నేను చేసేదాన్ని.

మన సుశ్రుతుడు నోటిజబ్బులు 65 లెక్కపెట్టాడు. పళ్ళు తోముకునే పుల్ల 12 అంగుళాలు ఉండాలన్నాడు. ఆ అంగుళం వేలి వెడల్పు, స్కేలు మీది అంగుళం కాదు. చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ మేలన్నాడు. మా జహీరాబాదు చుట్టుపక్కల పొలాలకు పోయే పెద్దవాళ్ళు వేపపుల్లో కానుగపుల్లో విరవడం నా చిన్నతనంలో రోజూ చూసేదాన్ని. ఇక బౌద్ధులు మహాపురుషుడి 32 లక్షణాల్లో పళ్ళ గురించే నాలుగు చెప్పుకున్నారు: 40 పళ్ళుండాలి, సమంగా ఉండాలి, సందులుండకూడదు, తెల్లగా మెరవాలి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు నయం, 40 అడగలేదు.

పళ్ళను సాధనంతో సరిచెయ్యడం గురించి పద్ధతిగా రాసింది ఫ్రాన్సులో పియర్ ఫోషార్. 1728లో వచ్చిన ఆయన పుస్తకంలో పళ్ళకు కట్టే లోహపు పట్టీ వర్ణన ఉంది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా బంగారు రేకులు, వెండి తీగలు, పట్టుదారాలు. డబ్బున్నవాళ్ళ నోళ్ళ సంగతే అదంతా.

మామూలువాళ్ళ నోటికి తొడుగు అందింది రబ్బరు వల్ల. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టి 1844లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన తమ్ముడు నెల్సన్ 1851లో ఇంకా గట్టి రబ్బరుకు తీసుకున్నాడు. దాని పేరు వల్కనైటు. నోటి అచ్చుకు అచ్చంగా సరిపోయేలా పలకలు పొయ్యొచ్చు, బంగారంతో పోలిస్తే కారుచవక. కట్టుడుపళ్ళను దాంతో చెయ్యడం మొదలైంది. అయితే పేటెంటు చేతికొచ్చిన కంపెనీ ప్రతి పళ్ళడాక్టరు దగ్గరా రుసుము వసూలు చేసింది, కట్టనివాళ్ళ మీద కేసులు పెట్టింది. కంపెనీ కోశాధికారి జోసయా బేకన్ ఊరూరా తిరిగి దావాలు వేసేవాడు. 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ చాల్ఫంట్ అనే డాక్టరు విసిగి వేసారి ఆయన్ను హోటలుగదిలో కాల్చి చంపేశాడు. పళ్ళ పలక కోసం ప్రాణం తీసుకున్నారండీ! 1881లో ఆ పేటెంటు గడువు తీరి డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. నేను ఒక రిటైనరును ఉడకబెట్టడం దీని ముందు ఎంత, అని ఆ రాత్రి కాస్త తెరిపిన పడ్డాను.

పళ్ళు సరిచెయ్యడాన్ని ప్రత్యేక విద్యగా నిలబెట్టినాయన ఎడ్వర్డ్ యాంగిల్. 1899లో పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరును మూడు తరగతులుగా విడగొట్టాడు. ఇప్పటికీ ఆ తరగతులే. ఆయన దగ్గర కార్యదర్శిగా ఉన్న ఆన్నా హాప్కిన్స్ అనే ఆవిడ తానూ దంతవైద్యం చదివి ఆ విద్యలో ఆరితేరింది, తర్వాత ఆయన్ను పెళ్ళాడింది. పుస్తకాల్లో ఆయనకు పేజీలు, ఆవిడకు రెండు మూడు వాక్యాలు. మనకు కొత్తేముంది!

ఇక నాకు బాగా నచ్చిన మనిషి దగ్గరికి వచ్చాను. చార్లెస్ హాలీ, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో డాక్టరు. తీసిపెట్టుకునే రిటైనరు ఒకటి తయారుచేసి 1919లో దాని గురించి వ్యాసం రాశాడు. అంగిట్లో అతుక్కునే పలక ఒకటి, ముందుపళ్ళ మీదుగా పోయే సన్నటి తీగ ఒకటి. అంతే. నూరేళ్ళు దాటినా హాలీ రిటైనరు అనే పేరుతో లోకమంతా ఇంకా అదే వాడుతున్నారు. ఆయన ఒక మాట చెప్పాడు: తాను పళ్ళు సరిచేసి అప్పగించాక, వాటిని అలాగే నిలిపి ఉంచే బాధ్యత ఎవరైనా నెత్తిన వేసుకుంటే, వాళ్ళకు తన ఫీజులో సగం సంతోషంగా ఇచ్చేస్తానని.

సగం ఫీజు! ఈ మాట చదివాక నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆయనకు తెలుసు, తీర్చడానికి రెండేళ్ళు చాలు, నిలపడానికి ఎన్నేళ్ళయినా చాలవని. ఇల్లు కట్టినవాడి పేరు గోడమీద చెక్కుతారు. రోజూ ఊడ్చినవాళ్ళ పేరు ఎక్కడ చెక్కుతారు? ఆ సగం ఫీజు ఎవరికీ ముట్టలేదు గాని, ఆ పని మాత్రం ఇళ్ళకు చేరింది. మా ఇంట్లో అది మా కోడలికి చేరింది. "పెట్టుకున్నవా? తీసినవా? కడిగినవా? డబ్బీల పెట్టినవా?" రోజుకు నాలుగుసార్లు ఈ నాలుగు ప్రశ్నలూ వింటూ, ఎందుకింత సతాయిస్తుందని విసుక్కున్నదాన్ని నేనే.

ఆ తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. 1930లు సగం దాటాక యాక్రిలిక్ అనే ప్లాస్టిక్కు వచ్చి వల్కనైటును గెంటేసింది. 1971లో పోనిట్జ్ అనే డాక్టరు కనిపించని రిటైనర్ల గురించి రాశాడు. చిన్ని ఆకులో మడిచి పారేసింది ఆ వంశానిదే. పళ్ళ వెనకాల తీగను శాశ్వతంగా అతికించే పద్ధతీ ఆ దశాబ్దంలోనే స్థిరపడింది. ఎంతకాలం పెట్టుకోవాలన్నది మాత్రం తేలలేదు. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిటిల్, ఆయన తోటివాళ్ళు, రిటైనరు మానేసి పదేళ్ళయినవాళ్ళ పళ్ళు కొలిచి 1981లో ప్రకటించారు. మూడింట రెండువంతుల మందికి పైగా కింది ముందుపళ్ళు మళ్ళీ ఇరుకైపోయాయట. అందుకే ఇప్పుడు డాక్టర్లు, మొదట కొన్నాళ్ళు పగలూ రాత్రీ, తర్వాత రాత్రిళ్ళు, పళ్ళు వరసలో ఉండాలనుకున్నంతకాలం, అంటున్నారు. వయసు వస్తుంటే బ్రేసులు కట్టనివాళ్ళకూ కిందిపళ్ళు ఒరుసుకుంటాయట. అద్దంలో చూసుకున్నాను. నిజమే.

మన దేశం సంగతికి వస్తే, డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. మహమ్మదలీ జిన్నా చెల్లెలు ఫాతిమా కలకత్తాలో దంతవైద్యం చదివి 1923లో బొంబాయిలో క్లినిక్కు తెరిచింది. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. 1959లో హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాలకు దంత విభాగం చేరింది. పళ్ళు సరిచేసే డాక్టర్ల సంఘం 1965లో ఏర్పడింది. ఈ సంవత్సరాలు రాసుకుంటుంటే నాకు నా 1974 గుర్తొచ్చింది. హైదరాబాదులో దంత విభాగం మొదలై అప్పటికి 15 ఏళ్ళు. ఉన్నది వంద కిలోమీటర్ల దూరంలో. పెదవులు మూసుకోమని చెప్పిన మేనత్తకు గాని, మా నాన్నకు గాని, పన్ను కదులుతుందనే సంగతే తెలియదు. తెలిసినా ఆడపిల్ల పళ్ళకోసం బస్సెక్కేవారా అంటే, ఏమో. మా కోడలు ఎక్కింది.

ఈ పుస్తకాలు చదివాక కడగడం గురించి నా జ్ఞానమంతా తలకిందులైంది. ఆ తెల్లపొర మా బోరునీళ్ళ ఉప్పు అనుకున్నాను. అదంతా నీళ్ళ తప్పు కాదు. మన లాలాజలంలోని సున్నమే పాచితో కలిసి గడ్డకడుతుందట, పళ్ళమీద గార కట్టినట్టే. నోట్లోంచి తియ్యగానే చన్నీళ్ళతో కడిగితే పొర పట్టేలోపే పోతుంది. ఆరనిచ్చి గట్టిపడ్డాక గీకితే గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్ళీ మురికి చేరుతుంది. పేస్టూ పళ్ళపొడీ వద్దనడం అందుకే. పంటి పింగాణీకున్న గట్టితనం ప్లాస్టిక్కుకు లేదు, పంటిని మెరిపించేదే దీన్ని మసకబారుస్తుంది. మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బునురుగు, చన్నీళ్ళు. అంతే.

వారానికోసారి నానబెట్టడానికి కట్టుడుపళ్ళ బిళ్ళలు దొరుకుతాయి. మందుల దుకాణంలో అడిగితే అక్కడి అబ్బాయి కూడా నా నోటివంకే చూశాడు. ఆ బిళ్ళలో తినేసోడా, నిమ్మ ఉప్పు ఉంటాయి, అందుకే నురగ. దాంతోపాటు ఆక్సిజను వదిలే మందూ ఉంటుంది, మరక వదిలేది దానివల్ల. కొందరికి అందులోని పర్సల్ఫేటు పడక దద్దుర్లో ఆయాసమో వస్తుందని 2008లో అమెరికా ప్రభుత్వం సీసాల మీద హెచ్చరిక వెయ్యమంది. కాబట్టి నానబెట్టాక బాగా కడిగిగాని నోట్లో పెట్టుకోకూడదు. బిళ్ళ లేకపోతే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి ఇరవై నిమిషాలు ఉంచినా గార మెత్తబడుతుంది. నేను తెలివిగా వెనిగరూ వంటసోడా రెండూ కలిపి పోశాను. గిన్నె పొంగిపొర్లింది, ఎంత శక్తో అనుకున్నాను. తీరా పుల్లదీ చప్పదీ ఒకదాన్నొకటి తినేసి చివరికి గిన్నెలో మిగిలేది ఉత్త ఉప్పునీళ్ళలాంటిదేనట. దేనికది విడిగా వాడాలి. బట్టల బ్లీచింగు దగ్గరికి రానివ్వకూడదు. పెట్టే డబ్బీకి గాలి రంధ్రాలుండాలి, దాన్నీ రోజూ కడగాలి. మనం రిటైనరు కడుగుతాం, డబ్బీని మరిచిపోతాం. మంచినీళ్ళ బిందె కడిగి మూత కడగనట్టు.

నాలుగోరోజు రాత్రి చిన్ని చదువుకుంటోంది. కోడలు పక్కనే కూర్చుని మర్నాటి కూరగాయలు తరుగుతోంది. చెప్పేశాను. మొదట అటూ ఇటూ తిప్పి, శుభ్రం మాట ఎత్తి, పాలసీసాల మాట ఎత్తి, చివరికి, "నేనే మరిగే నీళ్ళలో వేసిన" అన్నాను.

కోడలు కత్తిపీట పక్కకు పెట్టింది. ఏమన్నా అంటుందనుకున్నాను. అనలేదు. చిన్నిని చూసి, "నిన్ను ఊకెనే తిట్టిన బిడ్డా" అంది. చిన్ని నావైపు చూసి, "నువ్వు ఆ రోజే చెప్తే అయిపోవు గదా నానమ్మా. నేను అన్ని ఒట్లు పెట్టిన" అంది. అంతే అంది. మరో రెండు రోజులు నాతో మాట్లాడలేదు. 1974లో నత్తి ఉందా అని అడిగినప్పుడు కూడా నాకంత తలవంపు కాలేదు.

ఆ వారం కోడలితోపాటు నేనూ బస్సెక్కాను. రిటైనరు లేని ఆ కొద్దిరోజుల్లోనే చిన్ని పైపళ్ళలో ఒకటి కొంచెం తిరిగిందని డాక్టరుగారు చూపించారు. నా కళ్ళకు కనిపించలేదు గాని ఆయన గోటితో చూపిస్తే కనిపించింది. ఈసారి పల్చటిది వద్దని, పలకా తీగా ఉన్నది ఇచ్చారు. "ఇది కొంచెం మొండిది, త్వరగా పాడు కాదు" అన్నారు. నేను తొందరపడి, "హాలీదా?" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని నన్ను చూశారు. మొండిదైనా దీన్నీ మరిగించకూడదని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కోడలు మాత్రం దారంతా రెండుసార్లు చెప్పింది.

చెరుకు సీజను వచ్చింది. మా వైపు చెరుకు ఎక్కువ కదా, గడ చేతికందితే చిన్ని ఆగదు. తీసి, కడిగి, డబ్బీలో పెట్టి, డబ్బీ నా చేతికిచ్చి అప్పుడు గడ పట్టుకుంటుంది. నవ్వితే ముందుపళ్ళ మీద తీగ కనిపిస్తుంది. చెయ్యి అడ్డం పెట్టుకోదు.

నిన్న రాత్రి నీళ్ళు తాగుదామని లేచి వెళితే లైటు వేసే ఉంది. పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతోంది. నోట్లో తీగ మెరుస్తోంది. డబ్బీ మూత తెరిచి కిటికీలో ఉంది, అడుగున కొంచెం జిగురు. లైటు తీసేసి డబ్బీ తీసుకెళ్ళి కడిగి బోర్లించాను. చన్నీళ్ళతోనే.